సద్ది డబ్బాలో మిగిలిన ముక్క

ఆ డబ్బా మూతకు ఒక పక్కన సొట్ట ఉంది. సొట్ట పడిన చోట మూత సరిగా కూర్చోదు కనుక దానికి రాగి తీగ చుట్టి, తీగ కొసను చెవిలా వంచి పెట్టారు. అల్యూమినియం డబ్బాకు సొట్ట పడడం వింతేమీ కాదు, బొగ్గుబాయిలో పనిచేసిన ప్రతివాడి డబ్బాకూ ఒకటో రెండో ఉంటాయి. కాని ఈ సొట్టను, ఈ తీగను నేను నా అరచేతికన్నా బాగా ఎరుగుదును. మా నాన్నను నేను బాపు అంటాను. బాపు గురించి నాకు ఉన్నది ఒకే ఒక్క జ్ఞాపకం. ఆ జ్ఞాపకం నడిమధ్య ఉండేది ఈ డబ్బా. అలాంటిది మొన్న శ్రీరాంపూర్‌లో, నామదేవ్ కాక ఇంట్లో, వంటగది అలమరలో జీలకర్ర నింపుకుని కనిపించింది.

నేను అక్కడికి పోయింది కాకును పలకరించడానికి. కాకు అంటే నామదేవ్ కాక భార్య; మరాఠీ ఇళ్ళలో పిన్నిని అలా పిలుస్తారు. వాళ్ళది పెన్‌గంగ ఒడ్డున ఆదిలాబాద్ అవతలి అంచు పల్లె. మాది హుస్నాబాద్ దగ్గరి పల్లె. బొగ్గు తవ్వడానికి వచ్చిన రెండు ఇళ్ళు శ్రీరాంపూర్ కాలనీలో ఒకే గోడకు అటూ ఇటూ క్వార్టర్లలో పడ్డాయి. కాక పోయాడని ఫోను వచ్చిన రోజే నాకు ఫిట్స్ వచ్చాయి. వార్తకూ దానికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు, ఉందని మా ఆవిడ అన్నది, ఇద్దరూ కలిసి నన్ను కరీంనగర్‌లో బస్సెక్కనివ్వలేదు. అందువల్ల అందరూ వచ్చిపోయాక, ఇల్లు సద్దుమణిగాక వెళ్ళాను. కాకు నన్ను చూసి ఏడవలేదు. బక్కపడ్డావని తిట్టి, చాయ్ పెట్టడానికి లేచింది. చిన్నప్పటి అలవాటుకొద్దీ నేనూ వెనకాలే వంటగదిలోకి నడిచాను. అప్పుడు చూశాను డబ్బాను. తీసి పట్టుకుని, మా బాపు డబ్బా మీ ఇంట్లో ఎందుకుందని అడిగాను. కాకు పొయ్యి ఆర్పేసింది. ఇటు తిరగలేదు. చాయ్ ఇంకా మరగనే లేదు.

ఆ ప్రశ్న నాకు ఎందుకంత పెద్దదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నేను తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి, నాలుగు కథలు రాసినవాణ్ణి. సభల్లో ఎవరో ఒకరు లేచి, ఈయనకు బాల్యం ఎంత బాగా గుర్తుందో చూడండి అంటారు. మా ఆవిడ ముందువరుసలో కూర్చుని నవ్వు ఆపుకుంటుంది. కరివేపాకు తెమ్మంటే కొత్తిమీర తెచ్చేవాడి సంగతి ఆమెకు తెలుసు కదా. నిజానికి నా బాల్యంలో ముందు సగం నాకు లేదు. బడిలో వేసిన కొత్తలో మెదడువాపు జ్వరం వచ్చింది. ఆ ఏడు వానలప్పుడు మా దిక్కు చాలామంది పిల్లలకు వచ్చింది, కొందరు పోయారు. నేను మిగిలాను, కాని మిగిలినవాడికి ఫిట్స్ తగులుకున్నాయి. జ్వరం కొంత జ్ఞాపకాన్ని తీసుకుపోయింది, తర్వాత ఏళ్ళ తరబడి వచ్చిన ఫిట్స్ మిగతాది కొంచెం కొంచెంగా తీసుకుపోయాయి. నేను కరీంనగర్ ఆస్పత్రిలో ఒళ్ళు తెలియక పడి ఉన్న రోజుల్లోనే బాపు పోయాడు. నైట్ డ్యూటీ దిగి, పొద్దున బస్సుకు నా దగ్గరికి రావాలని అంగీ తొడుక్కుంటూ, గుండె పట్టుకుని మంచం మీద కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. ఆయన గొంతు నాకు గుర్తు లేదు. నడక గుర్తు లేదు. ఫోటోలో ఉన్న మనిషి ఎవరో చెబితే నమ్మి బాపు అని పిలుస్తున్నాను.

జ్వరం తర్వాతి కాలనీ మాత్రం బాగానే గుర్తుంది. మా కాలనీలో ఎవరింటికి పోయినా మొదట అడిగేది బాగున్నారా అని కాదు, ఏ షిఫ్టు అని. ఫస్టా, సెకండా, నైటా అన్నదాన్ని బట్టి ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడొచ్చో లేదో తెలిసేది. నైట్ షిఫ్టు మనిషి పగలు పడుకున్న ఇంటి ముందు పిల్లలు గోలీలు ఆడుకుంటే, అడ్డపంచె కట్టుకున్న ఆయన వచ్చి గోలీలన్నీ ఏరుకుని పోయేవాడు, సాయంత్రం లేచాక తిరిగి ఇచ్చేవాడు. తెల్లవారితే ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసేవారు. ఆ పచ్చి పొగ కళ్ళను మండించేది, తలంటి పోసుకున్నా జుట్టులోంచి పోయేది కాదు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ నా పాత దుప్పటి వాసన చూసి, ఇదేమి వాసన అని మొహం చిట్లించింది. నేనా దుప్పటిని చాలా కాలం ఉతకనివ్వలేదు.

బాయి నుంచి వచ్చేవాళ్ళు డబ్బాలో ఒక ముక్క మిగుల్చుకుని రావడం మా దగ్గర ఆచారం లాంటిది. రొట్టె ముక్కో, అన్నం ముద్దో, ఏదో ఒకటి. కింద చీకట్లోకి పోయి, పైకి వచ్చిన ఆ ముక్కకు ఇంట్లో తిండికి లేని రుచి ఉంటుంది. కొంచెం బొగ్గు, కొంచెం ఇనుము, కొంచెం చెమట కలిసిన వాసన. షిఫ్టు దిగే సైరన్ మోగితే పిల్లలం కాలనీ గేటు దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. నీళ్ళ కుళాయిలు బాయి పైనే ఉన్నా చాలామంది ఇంటికి వచ్చి వేడినీళ్ళతో తానం చేద్దామని అలాగే వచ్చేవారు. అందరివీ నల్లటి ముఖాలే, తెల్లటి కళ్ళే. ఏ పిల్లవాడో వేరేవాళ్ళ నాయన కాళ్ళు పట్టుకోవడం, పెద్దలు నవ్వడం ప్రతి దినమూ ఉండేది.

నామదేవ్ కాక ఆ నల్లటి గుంపులో ఎప్పుడూ ఉండేవాడు కాదు. కాలనీ మొత్తంలో ఆయనంత శుభ్రం మనిషి లేడు. కుళాయి కింద సబ్బు అరిగేదాకా రుద్దుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, కొబ్బరినూనె రాసి పాపిడి తీసి, పెళ్ళికి పోయేవాడిలా ఇంటికి వచ్చేవాడు. తోటివాళ్ళు ఏడిపించేవారు, ఆయన పట్టించుకునేవాడు కాదు. నాకు సైకిలు నేర్పింది ఆయన. ఫిట్స్ వచ్చే పిల్లవాడు మా బడికి వద్దన్న చోట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చుని, నన్ను చేర్చుకున్నాకే లేచిందీ ఆయనే. ఇన్ని చేసిన మనిషి ముఖం నా మనసులో ఎప్పుడూ కడిగిన ముఖమే.

ఫిట్స్ అంటే అప్పుడు కాలనీలో తలా ఒక మందు. నేను పడిపోతే ఒకరు చేతిలో తాళంచెవులు పెట్టేవారు, ఒకరు ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, ఒకరు చెప్పు. లేచేసరికి నా చుట్టూ అంగడి పెట్టినట్టు ఉండేది. మాది మెథడిస్టు సంఘం. అవ్వ, అంటే మా అమ్మ, శనివారం ఇంట్లో ప్రార్థన పెట్టించేది, పాస్టరయ్య నా తల మీద చేయి ఉంచేవాడు. గోడ అవతల నుంచి కాకు ధర్మపురి నరసింహస్వామి దగ్గరి దారం తెచ్చి నా జబ్బకు కట్టింది. అవ్వ దాన్ని తెంపలేదు. ఆదివారం మాత్రం నాకు పొడుగు చేతుల చొక్కా తొడిగేది. ఒకసారి పాస్టరయ్య ఆ చేయి పట్టుకుని, దారం తగిలి, ఏమీ ఎరగనట్టు రెండో చేయి పట్టుకున్నాడు. వాళ్ళందరూ కలిసి నన్ను బతికించారని నా నమ్మకం. గోలీలు, అంటే మందు గోలీలు, పెద్దయ్యాక మొదలయ్యాయి. ఇప్పుడు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

ఆ గోలీలు రాసిన మొదటి డాక్టరు నాకు నెమ్మదిగా వివరించాడు. జ్వరానికి ముందువీ, జ్వరం నాటివీ తిరిగి రావడం కష్టమనీ, వాటి కోసం పరేషాన్ కావద్దనీ అన్నాడు. నేను గర్వంగా ఒకటి మిగిలింది సార్ అన్నాను. ఆయన చిన్నగా నవ్వి, మంచిది, దాచుకో అన్నాడు. ఆ నవ్వు ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఆ ఒక్కటీ ఇది. నేను కాలనీ గేటు దగ్గర నిలబడి ఉన్నాను. సైరన్ మోగి చాలా సేపైంది. నల్లటి ముఖంతో బాపు వస్తాడు. నన్ను చూసి నేల మీద గొంతుక్కూర్చుంటాడు. డబ్బా మోకాళ్ళ మధ్య పెట్టి, తీగ మెలిక విప్పుతాడు. సొట్ట మూత టక్కుమని లేస్తుంది. లోపల జొన్నరొట్టె ముక్క, దాని మీద పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కలిపి నూరిన కారం. బొగ్గు అంటకుండా రొట్టెను డబ్బాలోనే ఉంచి నా ముందుకు జరుపుతాడు. నేను తింటుంటే కారానికి కళ్ళలో నీళ్ళు వస్తాయి, ఆయన తెల్లటి పళ్ళు కనబడేలా నవ్వుతాడు. మాటలు లేవు. ఇంతే. ఈ ముక్క మీదే నేను బతుకంతా కొడుకునయ్యాను. పెద్దయ్యాక అవ్వను ఆ కారం నూరమని అడిగాను. అవ్వ ముఖం తిప్పుకుని, నాకు రాదు, గా కారం కాకు మంచిగ నూరుతది, ఆమెనడుగు అన్నది. బాపు పోయిన బాధ అనుకున్నాను. అవ్వ కూడా పోయి చాలా కాలమైంది. మళ్ళీ అడగడానికి లేకుండా పోయింది.

ఇప్పుడు వంటగదిలో కాకు నా చేతిలోంచి డబ్బా తీసుకుని, అది కాకదని చెప్పింది. నస్పూర్ అంగడిలో కొన్నదట. బాపుది వేరే, మూడు గిన్నెల క్యారియరు, బాపుతోనే మట్టిలో పెట్టిందట అవ్వ. నేను వాదించాను. నాకు సొట్ట గుర్తుందన్నాను, తీగ గుర్తుందన్నాను, రొట్టె, కారం గుర్తున్నాయన్నాను. కాకు అన్నిటికీ తల ఊపింది. తర్వాత పీట వాల్చుకుని కూర్చుని, ఇన్నేళ్ళు గోడకు అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళు దాచిన సంగతి చెప్పింది.

ఆస్పత్రి నుంచి నన్ను తెచ్చిన రోజే అవ్వ బాపు పోయిన సంగతి చెప్పిందట. నేను గొంతు పోయేలా ఏడ్చి, అలసి నిద్రపోయి, లేచి, బాపు ఏ షిఫ్టు అని అడిగాను. ఆ రోజుల్లో నాకు పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండేది కాదు. అవ్వ మళ్ళీ చెప్పింది, నేను మళ్ళీ అప్పుడే తెలిసినట్టు ఏడ్చాను. పాస్టరయ్య వచ్చి పరలోకం గురించి ఎంతో బాగా చెబితే బుద్ధిగా విని, అన్నం తిని, చేయి కడుక్కుంటూ బాపు ఏ షిఫ్టు అన్నానట.

"దినాం గదే అడుగుడు, గదే ఏడుసుడు. మీ అవ్వకు దినాం మట్టి చేసినట్టే అయ్యింది బాళా" అన్నది కాకు. బాళా అంటే మరాఠీలో బిడ్డా అని.

ఒకనాడు పొద్దున నేను అడిగితే అవ్వ పొయ్యి ఊదుతూ, ఫస్ట్ షిఫ్టుకు పోయిండు అనేసింది. అలా అనాలని ఎవరూ అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. గోడ అవతల కాకు విన్నది. నేను ఏడవలేదు, ఆడుకోవడానికి పోయాను. కాలనీ పిల్లవాడికి అంతకన్నా నమ్మదగ్గ జవాబు ఏముంటుంది? కాని సైరన్ వినగానే గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆ రోజు బాయి పైన కుళాయికి నీళ్ళు రాలేదట, నామదేవ్ కాక కూడా అందరిలాగా నల్లగా వచ్చాడు. నేను పోయి ఆయన మోకాళ్ళు పట్టుకుని బాపు అన్నాను. వెనక వస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాక నేల మీద కూర్చుని డబ్బా తెరిచాడు. అదృష్టం కొద్దీ అందులో ముక్క ఉంది.

మరునాడు కుళాయికి నీళ్ళు వచ్చాయి. కాక అక్కడిదాకా పోయి, కాసేపు నిలబడి, కడుక్కోకుండా ఇంటికి వచ్చాడు. కడుక్కుంటే నేను పక్కింటి కాకగా గుర్తుపడతానని ఆయనకు తెలుసు. ఎప్పుడూ ఫస్ట్ షిఫ్టే ఉండేలా తోటివాళ్ళతో అదలుబదలు చేసుకున్నాడు, ఎందుకని ఎవరూ అడగలేదు. తలుపుకు, మంచానికి, నులకకు మసి అంటుతుంటే కాకు గొణిగేది, కాని డబ్బాలో ఒక రొట్టె ఎక్కువ పెట్టడం మాత్రం మానలేదు. మరి బాపు ఇంట్లోకి ఎందుకు రావడం లేదని నేను అడగలేదా అన్నాను. ముక్క తినేసరికి మరిచిపోతుంటివి అన్నది. వానలు పోయాయి, చలి వచ్చింది. కాక తానం లేకుండా వస్తూనే ఉన్నాడు.

"మరి ఎప్పుడు ఆపిండు?" అని అడిగాను.

కాకు కొంగుతో డబ్బా మూత తుడిచింది. "ఒకనాడు నువ్వు ముక్క చేతుల పట్టుకున్నవు, తినలే. మొహం దిక్కు సూసుకుంట నిలవడ్డవు. కాకా, మొహం కడుక్కోక ఎందుకొచ్చినవ్ అన్నవు. గా మాట అనంగనే మీ కాక ఇంటికొచ్చి గోలెం కాడ కూసున్నడు. సబ్బు చేతులనే ఉన్నది. ఏడుస్తుండు. ఏమైందంటే, పోరడు బాగైండు అన్నడు."

ఆ సాయంత్రం అవ్వ నాకు మళ్ళీ చెప్పిందట, ఈసారి అది నాలో నిలిచిందట. మరునాటి నుంచి కాక కుళాయి కింద సబ్బు అరగదీయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆ సంగతి రెండిళ్ళలో ఎవరి నోటా రాలేదు. నేను మా బాపు గుర్తున్నాడని కాలనీలో చెప్పుకుని తిరుగుతుంటే, అందరూ విని, అవును అన్నారు. కథల్లో రాస్తే కాక చదివించుకుని విన్నాడట. బాగ రాసిండు అన్నాడట.

నాకు మొదట కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియదు. అరవై దాటిన మనిషిని, ఉన్న ఒక్కటీ లాగేసుకుంటే కోపం రాదా? బాపు నల్లటి ముఖం, తెల్లటి పళ్ళు, ఆ నవ్వు, అన్నీ ఒక్క చాయ్ మరిగే లోపల వేరే మనిషివైపోయాయి. ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా ఇక ఆ మసి కింద పాపిడి తీసిన నామదేవ్ కాకే కనబడుతున్నాడు. డాక్టరు ఎందుకు నవ్వాడో అర్థమైంది. జ్వరానికి ముందుది కాదు కనుకనే, చలికాలం దాకా రోజూ జరిగింది కనుకనే అది నా దెబ్బతిన్న బుర్రలో అంటుకుంది. కాకు నా కోపం చూసింది. పిండి తీసి తడిపింది. అరచేతుల మధ్య రొట్టెను తడుతుంటే ఆ చప్పుడు గోడ అవతలి నుంచి విన్న పాత చప్పుడే.

కిటికీలోంచి చూస్తే మా పాత బాయి వైపు ఇప్పుడు మట్టి గుట్టలే. మనిషి కిందికి దిగే పని తగ్గింది, పెద్ద పెద్ద బండ్లు పైనుంచే తవ్వుతున్నాయి. పిల్లలు గేటు దగ్గర ఎవరూ ఉండరు, నాన్న ఎక్కడిదాకా వచ్చాడో ఫోనులో చూసుకుంటారు. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాలు పెట్టేవారూ లేరు, అది మంచిదే. ఇప్పుడైతే నాలాంటి పిల్లవాడికి తలను ఫోటో తీసి, మందు ఇచ్చి, తల్లికి ఎలా చెప్పాలో నేర్పేవారు ఉన్నారు. అప్పుడు మావాళ్ళకు అవేవీ తెలియవు. తెలిసినదల్లా షిఫ్టులు, సైరను, డబ్బాలో ముక్క. వాటితోనే చేయగలిగింది చేశారు. నా చదువంతా కలిపినా ఆ పని నాకు తోచేది కాదు.

రొట్టె, కారం పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. తిన్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, అది కారమేనని కాకుకు చెప్పాను. నమ్మినట్టే తల ఊపింది. జీలకర్రను సీసాలోకి వంచి, డబ్బా కడిగి, తీసుకుపొమ్మని నా పక్కన పెట్టింది. అప్పుడు అడిగాను, అసలు మా బాపు నాకేమైనా మిగుల్చుకొచ్చేవాడా అని. ఆయన గురించి ఒక్క ముక్కైనా, వేరేవాళ్ళ జ్ఞాపకమైనా సరే, చేతిలో లేకుండా ఆ ఇంట్లోంచి కదలలేననిపించింది.

కాకు పళ్ళెం తీసి పక్కన పెట్టింది. "ఎందుకు తేకుండె? బువ్వ ముద్ద, మీద మామిడికాయ తొక్కు. గేటు కాడ నిలవడి దావీ, దావీ అని నీ పేరు ఒకటే పిలుసుడు. నువ్వు గోలీలాట ఇడిసి వస్తుంటివా? రాకపోతుంటివి. పిలిసి పిలిసి, ఆయననే తినుకుంట ఇంటికొస్తుండె."

"నేను గేటు దగ్గర నిలబడేవాణ్ణి కాదా కాకూ?"

"మీ బాపు ఉన్నప్పుడా? ఎన్నడు నిలవడలే బాళా" అన్నది. "వస్తడని నీకు ఎరికే గద."